ముత్తమ్మ మొక్కిన కాళ్లు

2003 ఫిబ్రవరి, సోమవారం. ములకలపల్లి.

మన దేశంలో పుట్టి రెండుసార్లు రోదసికి వెళ్లిన వ్యోమగామి, తిరిగొస్తూ నౌకతో సహా కాలిపోయిందన్న వార్తను ఇవాళ క్లాసులో పిల్లలకు చదివి వినిపించాను. ఏడో తరగతి ముత్తమ్మ నన్నే చూస్తూ కూర్చుంది.

నిరుడు తానూ ఆమెలా పైకెళ్తానంటే, "ఇప్పపూలు ఏరనీకి బడి ఎగ్గొడతవ్, నువ్వు రాకెట్ ఎక్కుతవా?" అని అందరి ముందూ ఎగతాళి చేశాను. పిల్లలంతా పడీపడీ నవ్వారు. ఆ పిల్ల మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బెల్లు కొట్టాక దగ్గరికొచ్చి, "గిట్లయితదని మీకు ముందే ఎరుకనా టీచర్? అందుకేనా నన్ను పోవద్దన్నరు?" అనడిగింది.

సిగ్గులేకుండా అవునన్నట్టు తలూపాను.

"నా పాణం కాపాడిండ్రు" అంటూ వంగి కాళ్లకు మొక్కింది. కాళ్లు వెనక్కి తీసుకోనైనా లేదు నేను.