యూనిస్ పేజీల్లో నా పలక

బర్మామైన్స్, జూలై 2007

బుల్లమ్మా,

నిన్న మీ కాలేజీ నుంచి హడావిడిగా వచ్చేశాను, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మా అమ్మాయి, నీ నేస్తం యూనిస్ పోయి నాలుగు నెలలైంది. దాని చేతిపని కంప్యూటరులో ఉందని నాకు తెలీదు. టీచరు చదువు చదివే పిల్లలు నేర్చినవన్నీ అందులో దాచి, ఏది కాలేజీ పెట్టుకున్న ఏ ఆశయానికి పనికొచ్చిందో పక్కన రాయాలని చెప్పావు. "చదువు అందని ఇంటికి చదువు చేర్చాలి" అన్నచోట నా పలక ఫొటో కనబడింది.

"ఇదేటే, నా పలక ఇక్కడికెలాగొచ్చీసింది?" అన్నాను.

"దేఖో అత్తా, అందరూ చార్టులు పెట్టీసారు. యూనిసొక్కతే చదువు నేర్చిన మనిషిని పెట్టింది" అన్నావు.

పొయ్యి మీద పప్పు మాడుతున్నా వదలకుండా యూనిస్ ఆ పలక మీద నాచేత అక్షరాలు దిద్దించేది. అప్పుడు తిట్టాను. ఈ ఉత్తరం ఎవరిచేతా రాయించలేదమ్మా.

పరీక్ష రాయని పిల్లల పేజీలు తీసేస్తారట కదా. నువ్వు పెద్ద మేడమ్ దగ్గరికి పదిసార్లు తిరిగి దాని పేజీలు నిలబెట్టావు. కొత్త పిల్లలకు అవే చూపిస్తారంటే నా బిడ్డ ఇంకా పాఠం చెబుతున్నట్టే ఉంది. నీ మేలు మరిచిపోను.

నన్ను బస్సెక్కించే హడావిడిలో నిన్న నీ క్యారేజీ మూత కూడా తీయలేదు. చిక్కిపోయావు. వేళకు కడుపునిండా అన్నం తిను తల్లీ.