ఆది జాకెట్టు

జనవరి 9
మా అక్క శ్రీప్రియ పెళ్లికి సరిగ్గా ముప్పై రోజులు. నా పట్టుచీరకి జాకెట్టు కుట్టేది మునెమ్మత్త. చెన్నై పురసవాక్కంలో ఆమెకు టైలరింగ్ షాపుంది. కొలతకి ఆది జాకెట్టు ఇమ్మంది. కాలేజీ ఫస్ట్ ఇయర్‌ది ఇచ్చాను. ఇప్పుడది నా మోచెయ్యి కూడా దాటదు. పెళ్లిలోపు దాంట్లో పట్టి తీరతాను.

జనవరి 12
ఆఫీసులో అన్నం డబ్బా తెరవలేదు. ఏం విల్ పవర్ అని అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం బస్‌స్టాప్ వెనక నాలుగు బజ్జీలు తిన్నాను. తర్వాత ఇంకో నాలుగు. ఇంట్లో ఆకలి లేదన్నాను. నా మీద నాకే అసహ్యమేసి బాత్రూంలో ఏడ్చాను.

జనవరి 20
అదే బస్‌స్టాప్. అవే బజ్జీలు.

జనవరి 27, సాయంత్రం 6
బజ్జీల బండి దగ్గర దొరికిపోయాను, అదీ మునెమ్మత్తకి! స్తంభం వెనక దాక్కున్నాను. నన్ను దాచేంత స్తంభం చెన్నై కార్పొరేషన్ ఇంకా వెయ్యలేదు. ఏం పాపా, ఈడ ఒంటిగా నిలబడి తింటా ఉండావు, ఇంటికి తెస్తే మేమూ తింటాం గదా అంది. అంతే, ఏడుస్తూ అంతా చెప్పేశాను. పగలంతా పస్తు, సాయంత్రం ఆపుకోలేకపోవడం, అన్నీ. అత్త తిట్టలేదు. దీనికీ డాక్టర్లు ఉండారు, నేనూ వస్తా పద అంది. ఆది జాకెట్టు సంగతి మాత్రం చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 2
డాక్టరమ్మ మూడు పూటలా టైముకి తినమంది. పస్తుంటేనే సాయంత్రం అలా అవుతుందట. తిండి తగ్గించడానికి వెళ్తే తినమంటుంది! అత్త గెలిచినట్టు నవ్వింది.

ఫిబ్రవరి 6
జాకెట్టు వచ్చింది. కళ్లు మూసుకుని తొడిగాను. హుక్కులన్నీ పడ్డాయి! నెలలోనే తగ్గానా అని ఎగిరి గంతేశాను. అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. పెండ్లి అంటే చాలు, ఆడోళ్లంతా పాత ఆదే తెచ్చిస్తారంట. ఆదిని పక్కన పెట్టి మనిషిని చూసి కుడతా, ఇరవై ఏండ్లుగా ఇదే పని అంది. కోపం రావాలి. రాలేదు. అద్దంలో చాలాసేపు చూసుకున్నాను. బాగున్నాను.

ఫిబ్రవరి 8
అక్క పెళ్లి. మొదటి పంక్తిలోనే కూర్చున్నాను. సాంబారు రెండోసారి అడిగాను.

ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1
పాత ఆది జాకెట్టు విప్పి అత్త నా అన్నం డబ్బాకి సంచీ కుట్టింది. హుక్కులు అలాగే ఉంచింది. ఆఫీసులో అందరి ముందూ ఒక్కొక్క హుక్కే తీశాను. పెరుగన్నం.