మెరిసిన తూటాలు

మోంటానా, అక్టోబరు మొదటివారం

ప్రియమైన ఆర్విడ్‌కు,

కొండ మీద వేట శిబిరంలో చలి ఎలా ఉందో ఏమో. నాలుగేళ్లు బడికెళ్లిన దాన్ని, తప్పులుంటే నవ్వకు. తూటాల డబ్బా తెరిచావా? మామయ్య దాచిన, పేల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు నల్లగా ఉంటే నేనే తోమాను. మళ్లీ తుపాకి మందు నింపబోతూ మామయ్య ఒకటి ఎత్తి చూశారు.

"పెళ్లికి ముస్తాబు చేశావా ఏంటమ్మా వీటిని? సబ్బుతోనేగా తోమింది?"

సిగ్గేసి తల ఊపాను. నీకు నచ్చాయో లేదో రాయి.

నీ రాగ్నా


శిబిరం నుంచి

ప్రియమైన రాగ్నాకు,

డబ్బా తెరవగానే అందరూ "బంగారమా ఇది" అన్నారు. పేల్చినవి పేల్చినట్టే మూతి దగ్గర చీలాయి. పేల్చని వాటికీ సన్నటి పగుళ్లున్నాయి. ఒకటి పక్కకు పగిలి, వేడి పొగ నా పక్కన వేటాడుతున్న లీఫ్ చెంప కాల్చింది. కన్ను దక్కింది, అదే చాలు.

"మీ నాన్న నింపాడంటే ఈ లోయలో ఎవరూ పరీక్షించి చూడరు. ఇప్పుడేమైందిరా?" అన్నాడు మా శిబిరం పెద్ద.

అందరి ముందు తలెత్తలేక, "ముసలాడికి చూపు పోయింది, చెబితే వినడు" అన్నాను. ఇక ఎవరికీ తూటాలు నింపొద్దని నాన్నకు చెప్పు.

నీ ఆర్విడ్


ఇంటి నుంచి

ప్రియమైన ఆర్విడ్‌కు,

ఉత్తరం పైకి చదవడం మనింటి అలవాటు కదా. ముసలాడికి చూపు పోయిందన్న నీ మాట కూడా చదివేశాను. మామయ్య కుర్చీలోంచి లేచారు. కొట్టంలోకి వెళ్లి తూటాలు నింపే మరను బల్ల నుంచి ఊడదీశారు. "చేతులు వణుకుతున్నాయి" అని చెప్పి, ఇరుగుపొరుగు వాళ్ల గొట్టాలు వాళ్లకు తిరిగిచ్చేశారు. లీఫ్ చెంప, మామయ్య ముఖం కళ్లముందు మెదిలాయి.

కొట్టంలోకి వెళ్లి చెప్పాను. సబ్బు కాదు మామయ్యా, నేల కడిగే అమోనియాలో నానబెట్టానని.

"తెలుసమ్మా. పాత ఇత్తడి ఒకటో రెండో పగులుతుంది. అన్నీ ఒక్కసారే పెళుసెక్కాయంటే అది అమోనియా పనే. మళ్లీ కాల్చి మెత్తబరిచినా ఆ గొట్టాలు పనికిరావు."

"మరి నన్ను ఒక్క మాటా అనలేదేం?"

"కొత్త కోడలివి. నా చేతులు పోయాయంటే ఊళ్లో రెండ్రోజులు చెప్పుకుని మరిచిపోతారు."

ఆదివారం చర్చిలో కాఫీ తాగేటప్పుడు అందరి ముందు చెప్పేశాను. లీఫ్ వాళ్లమ్మ మాత్రం "ఈ పిల్లకు నిజం చెప్పే నోరుందే" అంది. ఎవరూ నవ్వలేదు. మామయ్య తల దించుకున్నారు. ఆయన నాకోసం అబద్ధమాడారని అందరికీ తెలిసిపోయింది. ఆ సిగ్గు కూడా నావల్లే.

నేను తోమిన వాటిలో మందు నింపకుండా ఇంట్లో మిగిలిన గొట్టాలను, ఎవరూ వాడకుండా మామయ్యా నేనూ సుత్తితో నలగ్గొట్టాం. మర ఇంకా నేల మీదే ఉంది. బిగించమని అడిగితే, "వాడు రానీ" అన్నారు.

నా తప్పు నేను చెప్పుకున్నాను. శిబిరంలో నువ్వన్న మాట నేను వెనక్కి తీసుకోలేను ఆర్విడ్. అది అక్కడే, వాళ్ల ముందే, నువ్వే తీసుకోవాలి. తీసుకున్నాకే ఇంటికి రా.

నీ రాగ్నా