శ్రీను నేర్పిన పన్నెండు మాటలు

మస్కట్ నుంచి

చిరంజీవి తమ్ముడు మల్లేశానికి, మీ అక్క రాజవ్వ మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నా పాణం బాగానే ఉంది. అక్కడ నువ్వు, మరదలు, పిల్లలు మంచిగున్నారని అనుకుంటాను. అవ్వ మోకాళ్ళు ఎట్లున్నాయి? నూనె రాసి కాపడం పెడుతున్నారా లేదా? చొప్పదండి దిక్కు వానలు వెనక పట్టాయని, పత్తి చేను మీదనే నల్లబడ్డదని ఇక్కడి మనవాళ్ళు చెప్పారు. నువ్వు జర ధైర్యంగా ఉండు. నా గురించి అసలే ఫికర్ పెట్టుకోవద్దు. తింటున్నాను, పంటున్నాను, పనికి పోతున్నాను.

ఫోన్‌లో చెప్పకుండా అక్క కాగితం ఎందుకు పట్టిందని అనుకుంటావు. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదనే ఉంటుంది, పక్కన అవ్వ ఉంటుంది. ఇక్కడ మా గదిలో ఎనిమిది మందిమి. ఇది పది మంది చెవుల్లో పడే ముచ్చట కాదు. జగిత్యాల ఆయన ఒకాయన సెలవు మీద ఇంటికి పోతుంటే ఆయన చేతికి ఇస్తున్నాను. నువ్వు ఒక్కడివే చదువుకో. నాది ఐదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకో.

ముందుగా అసలు మాట రాస్తాను. శ్రీను ఏడాది మాసికానికి నేను రాలేను.

కార్తీకంలో తప్పకుండా వస్తానని నీకు రెండుసార్లు చెప్పాను. మేకపోతును చూసి పెట్టమన్నాను. వాడు పోయినప్పుడు ఎట్లాగూ రాలేకపోయాను. నా పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉండె, అది నా చేతికి వచ్చేసరికి నువ్వు వాని బూడిదను లక్సెట్టిపేట గోదావరి రేవులో కలిపి ఇంటికి కూడా వచ్చావు. కన్న కొడుకు ముఖం ఫోన్‌లో చూసిన తల్లిని నేను. అందుకే ఏడాదికైనా రావాలె, వచ్చి మళ్ళీ పోవద్దు అనుకున్నాను. రాసిచ్చిన కరారు గడువు నిండకుండా పోవాలంటే కంపెనీ వీసాకు పెట్టిన ఖర్చు ఇచ్చి పొమ్మంటుంది. దానికి శ్రీను దాచిన కాయిన్ ఉందని ధీమాగా ఉన్నాను. అది పోయింది తమ్మీ. నా నోటితోనే పోయింది.

ఆ కాయిన్ గురించి నీకు సగమే తెలుసు. మొత్తం చెప్తాను.

శ్రీను కరీంనగర్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేసేటప్పుడు దాన్ని పట్టుకున్నాడు. చేతిలో పట్టుకునే బిళ్ళ కాదది, ఫోన్‌లో ఉండే పైస. జీతంలో మిగిలింది కొంచెం కొంచెం అందులో వేశాడు. తన ఫోన్‌లో ఉంటే ఖర్చు పెడతానని నా ఫోన్‌లో పెట్టించాడు. నాకు మొదటి నుంచి అది గిట్టలేదు. పొద్దుగాల ఒక అంకె ఉంటుంది, పగటి అన్నం యాళ్ళకు ఇంకొకటి ఉంటుంది. భైంసా మార్కెట్‌లో పత్తి ధర కూడా అంత తొందరగా మారదు. అంకె తగ్గినప్పుడల్లా ఎవడో తింటున్నాడని వానికి ఫోన్ చేసి తిట్టేదాన్ని. వాడు నవ్వేవాడు. ఎవ్వరూ తినలేదు, పడితే మళ్ళీ లేస్తుంది, నువ్వు చూడకు అనేవాడు. చూడకుండా ఎట్లుంటాను? కుండలో పాలు పెట్టి అటు తిరుగుమంటే తిరుగుతామా?

ఒకసారి అడిగాను, దీనికి పెద్ద ఎవరురా అని. వాడు చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"దీనికి సేటు లేడవ్వా, మేనేజర్ లేడు. నీ పైసలకు నువ్వే సేటువి."

"మరి పోతే ఎవ్వలను అడగాలె బిడ్డా?"

"పోదు. పన్నెండు మాటలు నీ నోట్లె ఉన్నన్ని దినాలు యాడికి పోదు."

ఆ పన్నెండు మాటలే దాని తాళంచెవి. ఫోన్ పగిలినా, పోయినా, వేరే ఫోన్‌లో ఆ మాటలు వరుసగా కొడితే పైస మళ్ళీ కనబడుతుంది. అందరూ వేలు పెట్టి తెరుస్తారట. నావి ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన వేళ్ళు. గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ గుర్తుపట్టలేదు, ఈ ఫోన్ గుర్తుపడుతుందా? అందుకే నాకు ఆ మాటలు తప్పకుండా రావాలని పట్టుబట్టాడు. ఫోటో తీయొద్దన్నాడు. ఎనిమిది మంది ఉన్న గదిలో కాగితం మీద రాసి పెట్టొద్దన్నాడు. అన్నీ ఇంగ్లీషు మాటలు. పొద్దుగాల నేర్చుకుంటే పొద్దూకే వరకు మరిచిపోయేదాన్ని. చివరికి వానికే తట్టింది. "నీకు బతుకమ్మ పాటలు వస్తయి గద అవ్వా, గట్లనే పాడు" అన్నాడు. ఒక్కో మాట వెనుక ఉయ్యాలో పెట్టి తానే పాడి వినిపించాడు. రివర్ ఉయ్యాలో, లాడర్ ఉయ్యాలో, మ్యాంగో ఉయ్యాలో, గోట్ ఉయ్యాలో. నది, నిచ్చెన, మామిడి, మేక అని అర్థం కూడా చెప్పాడు. ఇప్పుడు ఇట్లా రాస్తే ఏం భయం లేదు, దోచుకోవడానికి ఇంకేం మిగలలేదు.

వానిది మగ గొంతు, మొరటు గొంతు. బతుకమ్మ పాట పాడితే ఎంత నవ్వొచ్చిందో. కంపెనీ వంటగదిలో రొట్టెల పిండి పిసుకుతూ రోజూ ఆ పాటనే లోలోపల అనుకునేదాన్ని. వాడు పోయినాక కూడా అనుకున్నాను. కాయిన్ కోసం కాదు. వాడు నాకు చివరగా నేర్పింది అదే.

దసరా ముందట ఇక్కడ మన జిల్లాలోళ్ళు ఒక హాలు తీసుకుని బతుకమ్మ ఆడారు. ఏడాది నిండలేదు, నేను ఆడొద్దు. రానని చెప్పాను. మా గదిలో భైంసా సుజాత ఉంది కదా, ఆమె వినలేదు. నువ్వు బతుకమ్మ ముట్టకు, ఆడకు, వెనక కూసొని మలీద ముద్దలు చెయ్యి, ఒక్కదానివే గదిలో గోడలు చూసుకుంట కూసుంటవా అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. పోయాను. తంగేడు లేదు, గునుగు లేదు, అన్నీ కొన్న బంతిపూలు. అయినా ఆడోళ్ళు నలభై మంది దాకా వచ్చారు. నేను వెనక రొట్టెలు తుంచి బెల్లం కలుపుతూ కూర్చున్నాను.

పాట చెప్పే ఆమెకు గొంతు పట్టింది. చిన్న చిన్న పిల్లలు, వాళ్ళకు ఆట వచ్చు కానీ పాట రాదు. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో సుజాతను అడిగారు, ఆమె నా దిక్కు చూపించింది. కాదు, కూడదు అన్నాను. "ఆడుడు వద్దక్కా, కూసున్న కాడికెళ్ళే ఒక్క పాట చెప్పు, దేవికేం కోపం రాదు" అన్నారు. నోరు తెరిచాను. అవ్వ నేర్పిన పాటలు ఎన్నో వచ్చు నాకు. ఒక్కటీ రాలేదు. ఏడాదిగా లోపల తిరుగుతున్నది ఒక్కటే, అదే వచ్చింది.

వాళ్ళకేం తెలుసు? నేను ఒకటి చెప్తే నలభై మంది దాన్ని మళ్ళీ అన్నారు. పన్నెండు మాటలు వరుస తప్పకుండా, రెండుసార్లు. నా కొడుకు మాటలు అంత మంది నోట వినబడుతుంటే నాకు సోయి లేదు తమ్మీ. వాడు పోయినప్పటి నుంచి అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. ఒకామె "గిదేం ఇంగ్లీషు బతుకమ్మ రాజక్కా, మస్తుంది" అని నవ్వింది. మా కొడుకు కట్టిన పాట అన్నాను. గర్వంగా కూడా అన్నాను. ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారని చూశాను. తీయనీ అనుకున్నాను. కాయిన్ అన్న మాటే నాకు గుర్తుకు రాలేదు. నిజంగా రాలేదు.

ఆ వీడియో ఇక్కడి గ్రూపుల్లో అన్నిట్లో తిరిగింది. అక్కడికి కూడా వచ్చిందట, మరదలు చూసే ఉంటుంది. మూడో రోజు టికెట్ సంగతి కనుక్కుందామని ఫోన్ తెరిస్తే సున్నా ఉంది. ముందు పడిందేమో, మళ్ళీ లేస్తుందేమో అని ఒక రోజు ఆగాను. ఎంత పిచ్చిదాన్ని చూడు.

మొబైల్ దుకాణంలో మన తెలుగాయన ఉంటే చూపించాను. ఎవరో ఆ పన్నెండు మాటలు కొట్టి మొత్తం వాళ్ళ దిక్కు మళ్ళించుకున్నారని చెప్పాడు. ఎవరు అంటే పేరు లేదు, ఊరు లేదు. తెర మీద ఇంత పొడుగు అక్షరాల తోక ఒకటి చూపించి, ఇదే వాళ్ళ జాడ అన్నాడు. దాన్ని పట్టుకుని ఎక్కడికి పోవాలె? పోలీసుల దగ్గరికి కూడా పోయాను. దొంగ ఇంట్లోకి వచ్చాడా, సంచి కోశాడా అని అడిగారట, దుబాసీగా వచ్చిన పిల్లగాడు చెప్పాడు. పాట పాడానని ఎట్లా చెప్పాలె? మళ్ళీ దుకాణం ఆయన దగ్గరికే పోయాను.

"పెద్దమ్మా, మాటలు ఎవ్వలకు తెలిస్తే వాళ్ళే దీనికి ఓనరు. దొంగోడా, దొరా అని అది చూడదు."

"పెద్ద ఆఫీసు ఏడున్నది కొడుకా? నేను పోయి మొర పెట్టుకుంట."

"లేదు పెద్దమ్మా. ఎవ్వలకు మొర పెట్టే పని ఉండొద్దనే దీన్ని చేసిన్రు."

చూశావా తమ్మీ? శ్రీను బ్యాంకు ఖాతా మూసేటందుకు నువ్వు ఎన్నిసార్లు తిరిగావు. సంతకం కావాలె, సర్టిఫికెట్ కావాలె, రేపు రా అని తిప్పారని ఎంత తిట్టుకున్నావు. కానీ తిట్టడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. నీ కండ్లలో నీళ్ళు చూసి చివరికి ఆ మనిషే లేచి పని చేసి పెట్టాడు. ఇక్కడ తలుపు లేదు, కొట్టడానికి. గడప లేదు, కూర్చోవడానికి. నీ పైసలకు నువ్వే సేటువి అంటే ఎంత మురిసిపోయాను. పోయినప్పుడు దొంగను నేనే, దోచబడ్డదాన్ని నేనే, ఠాణా నేనే అని అప్పుడు తెలియలేదు. చదువుకున్నోళ్ళకు ఇది మంచిదే కావచ్చు. నాలాంటి దానికి ఒక ముఖం కావాలె. మంచి ముఖం కాకపోయినా సరే.

నీకు కోపం వస్తుంది, సుజాత మీద పడతావు. ఆమెనే తీసుకుపోయింది, ఆమెనే పాడమన్నది అంటావు. నేను కూడా నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె వండింది తినలేదు. గదిలో ఎవరు కొత్త గాజులు వేసుకున్నా, ఎవరు ఇంటికి ఎక్కువసేపు మాట్లాడినా వాళ్ళ ముఖంలోకి చూశాను. ఏడు మందితో మాట లేకుండా ఒక గదిలో బతకడం ఎట్లుంటుందో నీకు చెప్పలేను. ఐదో రోజు సుజాతనే నా మంచం మీద కూర్చుంది. "నన్ను తిట్టు రాజక్కా, కొట్టినా సరే, గిట్ల సూడకు" అన్నది. ఆ రోజు ఆమె వండింది తిన్నాను. ఆ వీడియో ఎన్ని ఊర్లు తిరిగిందో, ఎన్ని వందల మంది చూశారో. అందులో ఒక్కనికి ఆ మాటలు ఏందో తెలిసింది. వాడు సుజాత కాదు. వాడెవడో నాకు ఈ జన్మలో తెలియదు. అదే నన్ను తినేస్తున్నది.

కంపెనీ వాళ్ళు కాగితం ముందర పెట్టారు. ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టాను. ఈ కరారు నిండినాక వట్టి చేతులతో వచ్చి ఏం తినాలె, వేరే దారి లేదు. పని అలవాటైందే, ఫికర్ లేదు. ఎండ తగ్గింది, వంటగదిలో పొయ్యిల వేడి మాత్రం తగ్గలేదు. తిండికి తక్కువ లేదు, నాలుకకే ఏదీ పడతలేదు. ఈ కాగితం తెచ్చిన ఆయన మళ్ళీ తిరిగి వచ్చేటప్పుడు ఎల్లిపాయ కారం, కొంచెం చింతపండు పంపు. నా కండ్లద్దాల పుల్ల విరిగింది, దారం కట్టుకున్నాను, పాతవి అటక మీద ఉంటే అవి కూడా పంపు. పిల్లల బడి ఫీజు ఆపకు. ఇంటి పని అంతా తన మీదనే వేశానని నా మీద కోపం పెట్టుకోవద్దని మరదలికి చెప్పు.

ఇప్పుడు మాసికం సంగతి. అంతా నువ్వే చెయ్యి. మేనమామవు, తండ్రి లేని పిల్లగానికి తండ్రివి కూడా. మేకపోతును తెచ్చే ఉంటావు, ఉండనీ. బోటీ బాగా కడిగి మరదలినే వండమను, బయటోళ్ళకు ఇవ్వకు. వానికి కారం ఎక్కువ కావాలె, అన్నం మీద పచ్చి ఉల్లిగడ్డ కావాలె. కల్లు పెట్టడం మరిచిపోకు. వాడు తాగేటోడు కాదని అవ్వ అంటుంది, తాగేవాడు, నాకు తెలుసు.

ఇస్తరాకు వేసి వాన్ని పేరు పెట్టి పిలుస్తావు కదా, అప్పుడు నేను రాలేదని కూడా చెప్పు. కాయిన్ ముచ్చట మాత్రం ఎత్తకు. తాను నేర్పిన దానితోనే తన తల్లి ఇక్కడ ఆగిపోయిందని తెలిస్తే వాడు ముద్ద ముట్టడు. కంపెనీ సెలవు ఇవ్వలేదని చెప్పు. నా మీద కోపం వచ్చినా సరే, తిని పోతాడు.

అవ్వ కాళ్ళకు నా దిక్కు నుంచి మొక్కు. ఆమె దీవెన నాకు కావాలె. పెద్దలందరినీ అడిగానని, పిల్లలకు ముద్దులని చెప్పు.

నీ మేలు కోరే తోడబుట్టిన అక్క,
రాజవ్వ