పంచదార డబ్బా

నవంబరు 1986, బుధవారం

కథలు చాలు, లోకంలో ఉన్న విషయాలు కూడా చదవమని మా మేరీకి స్కూలు నుంచి సైన్సు పుస్తకాలు తెస్తూనే ఉన్నాను. అదేమో నాలుగు రోజులుగా పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాతో వచ్చిన కాగితం పట్టుకుని కూర్చుంటోంది. నన్ను చూస్తే పరుపు కింద దాచేస్తోంది. పాలు కూడా ముట్టడం లేదు. పదకొండేళ్ల పిల్లకి విషం గురించి ఎందుకు? మొన్న పై వీధిలో ఒకతను పురుగుమందు తాగిన సంగతి దీని చెవిన పడిందా? దీని మనసులో ఏముంది?

ఈ సాయంత్రం వంటింట్లో పంచదార డబ్బా మాయమైంది. ఇక ఉండబట్టలేక నిలదీశాను.

"ఏమే, డబ్బా ఏం చేశావ్?"

"పెరట్లో పాతిపెట్టానమ్మా. మందు డబ్బా ఎంత కడిగినా ఇంట్లో వాడకూడదని ఆ కాగితంలో ఉంది. నువ్వు తిడతావని చెప్పలేదు."

ఆ డబ్బాను బూడిదతో మూడుసార్లు తోమి, ఎండబెట్టి, పంచదార పోసింది నేనే. ఊళ్లో అందరం అంతే. సైన్సు టీచర్ని, ఆ కాగితం ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. పిల్లని మాత్రం దొంగని చూసినట్టు చూశాను.

పక్కింటి వదినకి కూడా ఒకటి తోమి ఇచ్చాను. అందులో చంటాడి పాలపొడి పోసుకుంటోంది. ఇప్పుడే వెళ్లి తలుపు కొట్టాలి.