నారుకి ధర

అన్నయ్యా,

చల్లపల్లి చర్చిలో అమ్మ పాడిన పాటలన్నీ ఫైల్ షేరింగ్‌లో పెట్టి, ఎవరైనా దించుకోవాలని కంప్యూటర్ కట్టేయనిచ్చేవాడివి కాదు. "మిగిలిన నారు పక్క చేలకి ఊరికే ఇస్తాం కదే" అనేవాడివి.

నీ తర్వాత ఆ కంప్యూటరూ పాడైంది. నీ జ్ఞాపకార్థ కూడికలో వినిపిద్దామని నీ దగ్గర దించుకున్నవాళ్ల కంప్యూటర్ల నుంచి ఆ పాటలు దించబోతే, డిజిటల్ కాయిన్లు కొని వాళ్లకిచ్చినవాళ్లకే ముందు దిగుతాయట.

"కొనకపోతే వరసలో ఉండాలండీ" అన్నాడు భవానీపురం కంప్యూటర్ షాపాయన.

"పెట్టింది మా అన్నయ్యేనండీ."

"అయినా అంతేనండీ."

ఒళ్లు మండింది. అమ్మ గొంతుకి వేలంపాటా? నేను కొనలేదు. కూడిక అయిపోయిన మర్నాడు దిగాయి.

ఇప్పుడు నా కంప్యూటర్ నుంచి ఇతరులకి పంచాలంటే ఎన్ని కాయిన్లు తీసుకుంటావని ఆ ఫైల్ షేరింగ్ ప్రోగ్రామ్ అడిగింది. సున్నా కొట్టాను. కంప్యూటర్ కట్టేయలేదు.

నీ చెల్లి