వరాలుకి రెండు బొట్లు

జంగారెడ్డిగూడెం,
బుధవారం.

మరదలు వరాలుకి, వదిన మంగాయమ్మ ఆశీర్వదించి రాయిస్తున్నది. పసుపు కుంకుమలతో చల్లగా ఉండు. ఆశీస్సులు ముందే ఇచ్చేశాను. తర్వాత ఇచ్చే ఓపిక నాకు ఉంటుందో ఉండదో. అన్నయ్యగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా, గేదె ఈనిందా, మీ పెరట్లో పనస కాసిందా, ఇవన్నీ అడగమని మీ అన్నయ్య చెప్పారు. అడిగాను. ఇక్కడ అందరూ క్షేమం. నేను తప్ప. నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. బెంగతో అనుకునేవు, కోపంతో.

ఫోనైతే పెట్టేయగలవు. మళ్లీ చేస్తే కోడలి చేత "అత్తయ్యగారు పడుకున్నారండి" అని చెప్పించగలవు, అదీ తెల్లారి పాలు పితికే వేళ. ఆ వేళప్పుడు పడుకునే మనిషివేంటి నువ్వు? అందుకే ఉత్తరం రాయిస్తున్నాను. నీకూ చదువు రాదు, నాకూ రాదు. చదివేది నీ కోడలు. అమ్మాయీ, నీకే చెబుతున్నాను, గట్టిగా చదువు. ఎక్కడా మింగకు. మీ అత్తగారు లేచి వెళ్లిపోతే వెనకాలే వెళ్లి చదువు.

ఇక్కడ రాస్తున్నది ఎవరనుకున్నావు? సతీషు. నీ కూతురు భవాని కొడుకు, నీకూ నాకూ మనవడే. చేసిందంతా వాడే కనక రాయడం కూడా వాడి చేతే రాయిస్తున్నాను. ఇందాక "ఇంత గట్టిగా వద్దు మామ్మా" అని పెన్ను ఆపాడు. "నీ పెన్ను నాకు మర్యాదలు నేర్పక్కర్లేదు, రాయరా" అన్నాను. రాస్తున్నాడు.

"ఎర్రమట్టిలోకి వెళ్లాక మా వదినకి ఆడపడుచు అక్కర్లేకపోయింది" అని కడియం నాగమణితో అన్నావట. నీ పెదనాన్న కూతురు కదా, ఆ మాట నాకు చేరడానికి ఎంతసేపు పట్టింది? ఎర్రమట్టి అన్నది మాత్రం నిజం. ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి ఇటికరంగు తేలుతుంది. కాలవ లేదు, బోరు నీళ్లు. తలంటుకుంటే జుట్టు కొబ్బరి పీచులా నిలబడుతుంది. కొబ్బరికాయ కొనుక్కోవాలి వరాలూ, డబ్బిచ్చి! మన ఊళ్లో రాలిన కాయ ఎవరిదని కూడా అడగం. చేపలు ఐసులో పడుకుని వస్తాయి, వాటి కళ్లు చూస్తే నాకే జాలేస్తుంది. చుట్టూ పామాయిల్ తోటలు, మధ్యలో ఒక ఇల్లు. పలకరిద్దామంటే గెలలు కోసే కూలీలు తప్ప మనిషి లేడు. వాళ్లకి పని తొందర. మోకాళ్లు అరిగిన ముసలాళ్లు అక్కడ ఒంటరిగా ఎందుకని కొడుకు తీసుకొచ్చాడు. ఇక్కడ ఒంటరిగా ఉన్నాం. సరే, బాగానే చూస్తున్నాడు, బాగానే ఉన్నాం. నా గురించి నువ్వేం దిగులు పడక్కర్లేదు, పడుతున్నావని కాదు.

ఈ దూరమే కొంప ముంచింది. మన ఊళ్లో అయితే బొట్టుపెట్టె పట్టుకుని నాలుగు వీధులు తిరిగితే పిలుపులైపోయేవి. నిన్ను ఏ శుభకార్యానికైనా ఒక్కసారి పిలిచి ఊరుకున్నానా? నువ్వు మా ఆయనకి తోడబుట్టినదానివి, నా ఇంటి ఆడపడుచువి. దానికొక పిలుపు. నీ కూతుర్ని నా కొడుక్కి చేసుకున్నాను, నా వియ్యపురాలివి. దానికొక పిలుపు. ఒక బొట్టు పెట్టి, గుమ్మం దిగి, మళ్లీ ఎక్కి రెండో బొట్టు పెట్టేదాన్ని. ఇంటి ఆడపడుచుకి ముందు పసుపు దంచేటప్పుడు పిలుపు, మొదటి రోకటి పోటు ఆమెదే. వియ్యపురాలికి పెళ్లికి పిలుపు, పట్టుచీర. రెండూ వేరు. ఇది నేను నీకు చెప్పాలా? చెప్పాలి. నాకు తెలియదనుకుంటున్నావు కదా.

మన పెద్ద మనవరాలి పెళ్లి కుదరగానే, ఇంతదూరం నుంచి ఎవరినీ మరిచిపోకూడదని సతీషు కంప్యూటర్‌లో పెడతానన్నాడు. రాజమండ్రిలో ఎంసీఏ చదువుతున్నాడు కదా, కాలేజీకి ప్రాజెక్టు కూడా అవుతుంది అన్నాడు. వరండాలో కూర్చుని నేను పేర్లు చెబుతుంటే వాడు టకటక కొట్టాడు. నేను నీ పేరు రెండుసార్లు చెప్పాను వరాలూ. దేవుడి సాక్షిగా చెప్పాను. వియ్యాలవాళ్లు చెప్పేటప్పుడు చెప్పాను, ఆడపడుచుల దగ్గరికొచ్చి మళ్లీ నీతోనే మొదలుపెట్టాను. "అమ్మమ్మ వచ్చేసింది మామ్మా, తర్వాత?" అన్నాడు. వచ్చేసింది అంటే వచ్చేసిందనుకున్నాను.

టౌన్లో చీటీలు ప్రింటు తీయించాడు. పసుపుకి పిలవాల్సిన ఆడపడుచుల చీటీ ఒకటి, వియ్యాలవాళ్ల చీటీ ఒకటి, మన ఊరివాళ్లది ఒకటి. చూడముచ్చటగా ఉన్నాయి. మీ అన్నయ్య ఆడపడుచుల చీటీ జేబులో పెట్టుకుని బస్సెక్కి పిలిచొచ్చారు.

పసుపు దంచే రోజు రోలు కడిగి, మామిడాకులు కట్టి, రోకలి గోడకి ఆనించి, గేటు వంక చూస్తూ కూర్చున్నాను. రామచంద్రపురం నుంచి రాజమండ్రి, అక్కడ బస్సు మారాలి, ఆలస్యం అవుతుందిలే అనుకున్నాను. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గొణుగుతున్నారు. నాగమణి అయితే, కడియం నర్సరీల నుంచి మొక్కల లారీ ఏదో ఇటు వస్తుంటే ముందు సీట్లో కూర్చుని ఎప్పుడో దిగిపోయింది. లారీలో అది రాగా లేనిది, బస్సులో నువ్వు రాలేకపోయావా అని నాకు ఒళ్లు మండింది. "మహారాణిగారు బతిమాలించుకుంటున్నట్టున్నారు" అని అందరి ముందూ అన్నాను. అన్నాను, అనలేదని ఎందుకు చెప్పాలి? రోకలి తీసి నాగమణి చేతిలో పెట్టాను. అది ఒక్క క్షణం కూడా మొహమాటపడలేదు, చూడాల్సింది ఆ సంబరం.

తర్వాత ఫోన్లో నేను అరిచాను, నువ్వూ అరిచావు. "నన్ను పిలిచావా?" అని ఒక్క మాట అడిగి పెట్టేశావు.

మీ అన్నయ్యని నిలదీశాను. "చీటీలో లేదు. నువ్వే విడిగా పిలిచి ఉంటావనుకున్నాను" అన్నారు. "సొంత చెల్లెల్ని పిలవడానికి మీకు చీటీ కావాలాండీ?" అన్నాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు నిన్నటిది. భవానిని అడిగితే "ఇంటి ఆడపడుచుల్ని పిలవడం పెద్దవాళ్ల పని, మా అమ్మని నేనే పిలుచుకుంటే బాగుండదని ఊరుకున్నాను అత్తయ్యా" అంది. అందరూ చీటీని నమ్మారు. చీటీ ఎవరిని నమ్మిందో!

సతీషుని పట్టుకున్నాను. వాడు తొణకలేదు.

"అమ్మమ్మ పేరు ఉంది మామ్మా. ఇదిగో, వియ్యాలవాళ్లలో."

"ఆడపడుచుల్లో ఏదిరా?"

"ఒకే మనిషి రెండుసార్లు ఉండకూడదు. డూప్లికేట్ అంటారు. రెండోసారి కొడితే అది తీసుకోలేదు."

"నీకు చెవులు రెండున్నాయి, ఒకటి డూప్లికేటా? పీకెయ్యనా?" అని ఒకటి పట్టుకున్నాను.

అప్పుడు కాగితం తెచ్చి గీసి చూపించాడు. కాలేజీలో ముందు ఇలా బొమ్మ గీసుకుంటారట. మనుషులకి ఒక డబ్బా, ఇళ్లకి ఒక డబ్బా, మధ్యలో గాలిపటంలాంటిది ఒకటి. ఆ గాలిపటమే వరస అట. ఎవరు ఎవరికి ఏమవుతారో అదట. అటో గీత, ఇటో గీత. బొమ్మ బాగానే ఉంది, కాదనను. తర్వాత ఆ బొమ్మని కంప్యూటర్‌లో టేబుళ్లుగా మార్చాలి. టేబుల్ అంటే బల్ల కాదు, మన పంచాంగంలో గళ్లు ఉంటాయే, అలాంటిది. మనుషుల గళ్లు వేరు, ఇళ్ల గళ్లు వేరు. మనిషి ఊరూ ఫోన్ నంబరూ ఒక్కచోటే రాయాలట, రెండుచోట్ల రాస్తే ఒకటి మార్చి ఇంకోటి మరిచిపోతారట. అది నాకూ సబబే అనిపించింది.

"బొమ్మలో గాలిపటం ఉంది కదా, గళ్లలో ఏదిరా?" అన్నాను.

గొంతు కిందికి దిగింది వాడిది. "మనుషుల టేబుల్‌లోనే చివర ఒక గడి చేసి కలిపేశాను మామ్మా. ఒక మనిషికి ఒక్క వరసే ఉంటే సరిపోతుంది. రెండుంటే ఆ గడిలో పట్టదు. అలాంటప్పుడు వరసలకే వేరే టేబుల్ చేయాలని మా మాస్టారు క్లాసులో చెప్పారు. టైం లేదని..."

"టైం లేదని మా ఆడపడుచుని మింగేశావు!"

ఆ రోజు వాడికి కాఫీ లేదు. కూర్చుని వరసలకి వేరే టేబుల్ కట్టాడు. నీ పేరు మళ్లీ కొట్టాడు. మళ్లీ ఒకటే తీసుకుంది! రెండోది గెంటేసింది. "ఏంట్రా, దీనికి వరాలంటే ఏంటి కోపం?" అన్నాను. వాడు నెత్తి గోక్కున్నాడు. మనిషీ ఇల్లూ రెండూ కలిపి ఆనవాలుగా పెట్టాడట. అదే మనిషి, అదే ఇల్లు, ఇందాక వచ్చింది కదా పొమ్మంటోందట. నువ్వు రెండు వరసలూ ఒకే ఇంటికి అవుతావు కదా, ఆడపడుచువీ ఈ ఇంటికే, వియ్యపురాలివీ ఈ ఇంటికే. వాళ్ల పుస్తకంలో ఇలాంటి మనుషులు లేరు కాబోలు. మేనత్త కూతుర్ని చేసుకోని వాళ్లెవరో రాసుంటారు. చివరికి మనిషీ, ఇల్లూ, వరసా మూడూ కలిపి ఆనవాలు పెడితే అప్పుడు ఒప్పుకుంది. కొత్త చీటీలు తెచ్చి చూపించాడు. నాకు చదవడం రాదు గానీ, రెండు చీటీల్లోనూ ఒకే ఆకారం కనిపించింది. అదే నీ పేరట. వేలితో రెండుసార్లు తడిమి చూశాను.

ఇదీ జరిగింది. నేను నిన్ను వదిలేయలేదు. చెప్పినదాన్ని చెప్పానంటున్నాను. నా మీద పడిన మాట తీసేయి.

ఇప్పుడు నా వంతు. నేను నీకు వదినని. వియ్యపురాలిని కూడా, అవునా? పోయిన ఏడు నీ కొడుకు పిల్లాడి పంచెల ఫంక్షన్‌కి నన్ను ఎన్నిసార్లు పిలిచావు? ఒక్కసారి. వీధిలో కూరగాయల బండి దగ్గర కనిపిస్తే, వంకాయలు ఏరుతూ, "వదినా, మీరు కూడా రావాలి" అన్నావు. అదీ లెక్కలోకి తీసుకుని పనులన్నీ మానుకుని వచ్చాను, వడ్డన దగ్గర నిలబడ్డాను. నా ఇంట్లో అయితే కంప్యూటర్ మింగింది. నీ ఇంట్లో ఏది మింగిందమ్మా? మీకు కరెంటే సరిగ్గా ఉండదు. ఈ ముక్క రెండుసార్లు చదువు అమ్మాయీ.

సతీషు నవ్వుతున్నాడు. నవ్వితే నవ్వనీ. వాడి పేరున కూడా ఒక మాట రాసుకుంటానన్నాడు. వద్దన్నాను. నీ కాళ్లు పట్టుకోవాల్సింది కాగితం మీద కాదు, వాణ్ని వెంట తెస్తున్నాను.

అవును, వస్తున్నాను. శుక్రవారం మొదటి బస్సుకి. మోకాళ్లున్నా లేకపోయినా వస్తాను. తలుపు వేసుకుంటే అరుగు మీద కూర్చుంటాను, వీధంతా వచ్చి నన్ను కుశలం అడుగుతుంది, నేను వివరంగా చెబుతాను. తీసి ఉంటే లోపలికి వచ్చి ఇంటి ఆడపడుచుకి బొట్టు పెట్టి పిలుస్తాను. గుమ్మం దిగుతాను. చెప్పులు వేసుకుంటాను. మళ్లీ విప్పుకుని ఎక్కి వియ్యపురాలికి బొట్టు పెట్టి పిలుస్తాను. మధ్యలో మజ్జిగ ఇస్తే తాగుతాను, మెంతులు వేసి తాలింపు పెట్టు. ఆ తర్వాత నువ్వు నన్ను రెండోసారి పిలవాల్సిన బాకీ ఉంది, అది కూడా అక్కడే తీర్చేయి. పంచెల ఫంక్షన్ అయిపోయినా ఫర్వాలేదు, నాకు పిలుపే కావాలి, భోజనం కాదు.

పెళ్లికి వచ్చేటప్పుడు కొబ్బరి ఈనెల చీపుళ్లు రెండు తీసుకురా. ఇక్కడివి ఊడవవు, దువ్వుతాయి. కంద పిలకలు కూడా.

అన్నయ్యగారికి నా నమస్కారాలు. ఆయన్ని నేనేం అనలేదని చెప్పు. పిల్లలందరికీ మీ అన్నయ్యా నేనూ దీవెనలు చెప్పామని చెప్పు. చదివిన పిల్లకి కూడా, పాపం గొంతు పోయి ఉంటుంది.

ఇంకొక్కటి. శుభమని రాసే ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు పెట్టాలి. ఈ ఉత్తరానికి పెట్టలేదు, చూసుకో. నాగమణి పోటు పడిన పసుపు నీ ఉత్తరానికి రాయను. ఆ రోజు కొమ్ములన్నీ దంచనివ్వలేదు నేను. తలంబ్రాలకి కావలసినవి విడిగా మూటకట్టి రోట్లోనే పెట్టాను, రోకలి పక్కనే ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. నువ్వు వచ్చి దంచితే సరి. రాకపోతే తలంబ్రాలు తెల్లగానే ఉంటాయి. పీటల మీద నీ మనవరాలు తెల్ల బియ్యం పోస్తుంది. ఎందుకిలా ఉన్నాయని పెళ్లివారు అడిగితే, వరాలు రాలేదని చెబుతాను.

ఇట్లు,
నీ వదినా, నీ వియ్యపురాలూ,
మంగాయమ్మ వేలిముద్ర.
రెండు వరసలు కనక రెండు వేశాను.